సత్తు గిన్నె – స్టీలు గిన్నె: ఒక చరిత్ర

పుదుచ్చేరి పట్టణమునకు ఉత్తరపు కొసను, చెన్నపట్టణము పోవు దారిలో ముత్తియాల్‌పేట యున్నది. తూర్పున సముద్రము, బెస్తవారి కుప్పములు. పడమట అంగళ్ళు, ఇచ్చటివారు మణికూండు అని పిలుచు గడియారపు స్తంభము. ఉదయమున ఆ వీధులలో నడచువారికి రెండు లోహములు తప్పక ఎదురగును. చేపల పాత్రను తలపై పెట్టుకొని వేగముగా నడచిపోవు బెస్తస్త్రీ మోయుచున్నది అల్యూమినియపు పాత్ర. మరి కొంతసేపటికి తలుపులు తెరచు పాత్రల దుకాణములో తళతళ మెరయునది స్టెయిన్‌లెస్ స్టీలు. తమిళ సోదరులు దీనిని ముచ్చటగా 'ఎవర్‌సిల్వర్' అందురు. మన తెలుగువారు మొదటిదానిని, తెల్లని చౌక లోహములకు పూర్వమునుండి యున్న మాటతో, సత్తు అనిరి. రెండవదానిని ఉత్త 'స్టీలు' అనిరి.

ఈ రెంటికిని మన యిండ్లలో సమానమైన గౌరవము లేదు. పెండ్లికి ఇచ్చునది స్టీలు బిందె. దానిపై పేరు చెక్కించుట మర్యాద. సత్తు గిన్నె పెరటిలోనో, అటుకమీదనో ఉండును. 'సత్తు పళ్ళెము' అన్నమాటలోనే కొంత చులకన యున్నది. ఈ తారతమ్యము న్యాయమైనదేనా? నేను లోహశాస్త్రము చదివినవాడను గాను. కార్యాలయమున కాగితములు చూచుకొనుచు, తీరిక వేళ చరిత్ర చదువుకొనువాడను. అయినను ఈ రెండు లోహముల పుట్టుపూర్వోత్తరములు వెదకగా, ఆ రెండు దారులును వెనుకకు పోయి పోయి మన తెలుగునాటి కొలుముల సమీపమునకే చేరుట చూచి ఆశ్చర్యపడితిని. దానినే ఇచ్చట విన్నవించుచున్నాను.

నిజామాబాదు జిల్లాలో కోనసముద్రము అను గ్రామమున్నది. అచ్చటి కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో పెట్టి, మూతను మట్టితో మెత్తి, కొలిమిలో దీర్ఘకాలము కాచి ఉక్కు ముద్దలను తీసెడివారు. ఇందులో నూటికి ఇంచుమించు ఒకటిన్నర వంతు కర్బనముండెడిది. హెన్రీ వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు ఈ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడినది. ఇరాను దేశపు ఇస్పహాను నగరమునుండి వర్తకుడు స్వయముగా వచ్చి అచ్చట మకాము వేసి ఉక్కు కొనుచుండెనని ఆయన వ్రాసెను. ఆ ముద్దలే పశ్చిమాసియాలో ప్రసిద్ధికెక్కిన ఖడ్గములైనవి. ఐరోపావారు దీనిని 'వూట్జ్' అనిరి. తెలుగు కన్నడములలోని ఉక్కు అను మాటయే అట్లు మారినదని పండితుల అభిప్రాయము.

ఈ ఉక్కు ముద్దలు కొన్ని లండనునకు చేరినవి. అచ్చట శస్త్రచికిత్స పనిముట్లు చేయు జేమ్స్ స్టోడార్టు దానిని మిక్కిలి మెచ్చుకొనెను. విద్యుచ్ఛక్తి విషయమున తరువాత జగత్ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే అప్పటికి యువకుడు. వూట్జ్ గొప్పతనము దేనివలన కలిగినదో తెలిసికొనగోరి ఆయన 1819లో దానిని పరీక్షించి, అందు కొద్దిపాటి సిలికా, అల్యూమినా ఉన్నవనియు, ఆ గుణమునకు అవియే కారణమనియు తలచెను. అల్యూమినా యనగా అల్యూమినియమునకు మూలమైన మన్ను. ఆ తలంపు పొరపాటు. ఆ ఉక్కు బలము కర్బనమునందును, దానిని కాచి చల్లార్చు నేర్పునందును ఉన్నది. కాని ఆ పొరపాటు ఫలవంతమైనది. వేరొక పదార్థమును కలిపి ఉక్కును మెరుగుపరుపవచ్చునను ఆశతో ఫారడే, స్టోడార్టు ఇద్దరును వెండి, ప్లాటినము, నికెలు మొదలగువానిని ఉక్కుతో కరగించి చూచి 1820లోను, 1822లోను ఫలితములు ప్రకటించిరి. వారు కలిపి చూచిన లోహములలో క్రోమియమును ఒకటి. మన కమ్మరి చేసిన వస్తువునకు సమాధానము వెదకుచు పాశ్చాత్యులు మిశ్రలోహముల విద్యలో తొలి అడుగులు వేసిరి.

ఈ రెండు తొలి ప్రకటనల నడుమ వచ్చినది 1821వ సంవత్సరము. అప్పటికి పుదుచ్చేరి ఆంగ్లేయులనుండి తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చి అయిదేండ్లు. ఆ ఫ్రాన్సు దేశముననే పియెర్ బెర్తియే అను గనులశాస్త్రజ్ఞుడు ఆ ఒక్క యేట రెండు సంగతులు లోకమునకు తెలిపెను. ఇనుములో క్రోమియము కలిపినచో ఆమ్లములు దానిని సులభముగా తినలేవనుట ఒకటి. కత్తులకు ఇట్టి లోహము పనికివచ్చునని కూడ ఆయన సూచించెను. దక్షిణ ఫ్రాన్సున లె బో అను గ్రామము వద్ద దొరకిన ఎఱ్ఱమన్నులో అల్యూమినా విశేషముగా నున్నదనుట రెండవది. ఆ గ్రామనామముననే ఆ ఖనిజమునకు బాక్సైటు అను పేరు వచ్చినది. స్టెయిన్‌లెస్ స్టీలునకు మొదటి సూచన, అల్యూమినియమునకు ముఖ్యమైన ముడిఖనిజము ఒకే సంవత్సరమున, ఒకే మనుష్యుని చేతిమీదుగా బయటపడుట చరిత్రలో అరుదైన సంఘటన. మన యింటిలో పెద్దపీట వేయబడిన గిన్నెయు, అటుకెక్కిన గిన్నెయు ఆ విధముగా ఒక తల్లి బిడ్డలవంటివి.

అందు ముందుగా పెద్దరికము వచ్చినది సత్తుకే. అల్యూమినియము మట్టిలో సమృద్ధిగా నున్నను, ఆమ్లజని దానిని గట్టిగా పట్టుకొనియుండుటచే విడదీయుట కష్టము. 1854లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సేంట్ క్లెయిర్ దెవీల్ సోడియము సాయమున కొంత లోహము తీయగా, 1855 పారిసు ప్రదర్శనలో దానిని అపురూప వస్తువుగా చూపిరి. 1884లో అమెరికాలో వాషింగ్టన్ స్మారకస్తంభపు కొనకు ఇంచుమించు 2.8 కిలోల అల్యూమినియపు శిఖరమును అమర్చిరి. మన ఆలయ శిఖరమునకు బంగారు కలశము నెత్తినట్లే. రెండేండ్లు తిరుగకమునుపే, 1886లో, అమెరికాలో ఛార్లెస్ హాల్, ఫ్రాన్సులో పోల్ ఎరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకయే విద్యుత్తుతో దానిని చౌకగా తీయు ఉపాయమును కనుగొనిరి. ఈ ఇద్దరును 1863లోనే పుట్టి 1914లోనే గతించుట మరియొక వింత. నేటికిని లోకమున ఆ పద్ధతియే నడచుచున్నది. కిలో అల్యూమినియమునకు 13 మొదలు 15 యూనిట్ల విద్యుత్తు కావలయును. పాతలోహమును కరగించి మరల వాడుకొన్నచో అందు ఇరువదవ వంతు శక్తి చాలును.

దక్షిణదేశపు వంటిండ్లకు ఈ లోహము వచ్చిన దారి మన మద్రాసు రాజధాని నడుమనుండియే పోవును. ఆ దినములలో వంట ఇత్తడిలోను, రాగిలోను. పులుపు తగిలిన చిలుము పట్టును, చిలుము విషము. అందుచే నెలలు తిరుగకమునుపే పాత్రలకు కళాయి వేయించవలసినదే. వీధిలో కళాయివాని కేక, కొలిమిలో నవాసారపు పొగ, మసిగుడ్డతో ఒక్క త్రిప్పున గిన్నెలోపల వెండివలె మెరసిన తగరము – నా తరమువారిలో కొందరైనను చిన్నతనమున చూచియుందురు. ఈ చిక్కు లేని పాత్రలు చేయవలెనని, దేశమునందలి పనివారికి క్రొత్త వృత్తి చూపవలెనని, ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు 1898లో మద్రాసు కళాపాఠశాలయందు అల్యూమినియపు పాత్రల పని ప్రారంభించెను. 1900లో దీనికై ఒక కంపెనీ యేర్పడినది. 1903లో పాఠశాల తన పనిని ఆ కంపెనీకి అప్పగించినది. ప్రభుత్వము స్వయముగా పరిశ్రమలు స్థాపించి నడపుట తగదని 1910లో భారతమంత్రి మార్లీ అభ్యంతరము తెలిపెను గాని, అప్పటికే సత్తు గిన్నె పల్లెలకు చేరినది. కళాయి అక్కరలేని, చౌకయైన, ఆడువారి చేతికి బరువుకాని గిన్నె పేదయింటికి వచ్చుట చిన్న సంగతి గాదు. నేడు మనము దానిని చులకన చేయునప్పుడు ఈ ఉపకారమును మరచుచున్నాము.

స్టీలు చరిత్ర ఇంతకంటె ఆలస్యము. బెర్తియే సూచన తొంబది యేండ్లు ఫలింపలేదు. కర్బనమును తగ్గించి క్రోమియము కలుపు విద్య అప్పటికి లేకుండెను; చేసిన లోహము పెళుసయ్యెడిది. 1912లో జర్మనీలో క్రుప్ కర్మాగారమునకు చెందిన స్ట్రాస్, మౌరర్ క్రోమియము, నికెలు కలిసిన ఉక్కునకు పేటెంటు తీసికొనిరి. 1913 ఆగస్టులో ఇంగ్లండున షెఫీల్డు పట్టణమందు హారీ బ్రేర్లీ, తుపాకిగొట్టములు అరిగిపోకుండ నుండుటకు ఉక్కును వెదకుచు, నూటికి ఇంచుమించు 13 పాళ్ళు క్రోమియముగల పోతను పోసెను. పరీక్షకై ఆమ్లము పూయగా అది చెక్కుచెదరలేదు. యుద్ధమునకై వెదకినది భోజనపు బల్లమీది కత్తియైనది. నేటి మంచి వంటపాత్రలలో నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు ఉండును. మన దేశమున నికెలు వెల యెక్కువగుటచే మాంగనీసు కలిపి నికెలు తగ్గించిన రకములును విస్తారముగా వాడుకలో నున్నవి.

ముత్తియాల్‌పేటకు పడమటనున్న సేలం జిల్లాలో ఈ రెండు లోహములును కొంతకాలము ఇరుగుపొరుగులై యుండెను. మెట్టూరులో 1965లో అల్యూమినియపు కర్మాగారము ప్రారంభమై చుట్టుప్రక్కల కొండల బాక్సైటుతో నడచి, తరువాత ఆగిపోయినది. సేలంలో 1981–82లో కేంద్రప్రభుత్వపు ఉక్కు సంస్థ స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు తీయుట ఆరంభించెను.

ఇక గుణముల మాట. ఒక లీటరు ఘనపరిమాణముగల అల్యూమినియము 2.7 కిలోలు, స్టీలు ఇంచుమించు 7.9 కిలోలు. ఒకే కొలత, ఒకే మందముగల పాత్ర స్టీలైనచో దాదాపు మూడింతలు బరువగును. బెస్తస్త్రీ తలపై సత్తు పాత్ర యుండుటకు పేదరికమొక్కటే కారణము కాదు. ఆమె మెడకు తెలిసిన శాస్త్రము కూడ కారణమే. అయితే అల్యూమినియము స్టీలుకంటె మూడవవంతు మాత్రమే బిరుసు. అందుచే సొట్టలు త్వరగా పడును, రేకు మందముగా వేయవలసివచ్చును. వేడిని ప్రాకించుటలో అల్యూమినియము స్టీలుకంటె పదింతలకు మించి చురుకైనది. స్టీలు గిన్నెలో పాలు మంట తగిలినచోటనే అడుగంటుటకు, కొన్నింటికి అడుగున రాగి తాపడము చేయుటకు ఇదియే హేతువు. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. స్టీలునకు 1,400 డిగ్రీలు దాటవలయును.

బలమున మాత్రము లోకాభిప్రాయము సరికాదు. ఉత్త అల్యూమినియము మెత్తనిదే. కాని 1906లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్, కొంచెము రాగి, మెగ్నీషియము కలిపిన అల్యూమినియమును కాచి నీట ముంచి, కొన్ని దినములకు మరల పరీక్షింపగా అది తనంతట తానే గట్టిపడియుండెను. వానినుండి విమానములకు తగిన మిశ్రలోహములు పుట్టినవి. నేడు సాధారణముగా వాడు, వేడిచికిత్స పొందిన 6061 రకపు అల్యూమినియము చదరపు మిల్లీమీటరునకు 275 న్యూటన్ల వరకు లాగినను శాశ్వతముగా సాగదు. మన గిన్నెలకు వాడు మెత్తని 304 రకపు స్టీలు 205 కడనే సాగనారంభించును. తెగుట మాత్రము అల్యూమినియము 310 కడ, స్టీలు 515 కడ. స్టీలు ఎంతో సాగి, వంగి, ముందుగా హెచ్చరించి తెగును.

రెంటికి గల పోలిక మరొక చోట నున్నది. రెండును స్వభావముచే తుప్పుపట్టవలసిన లోహములే. గాలి తగిలినంతనే అల్యూమినియముపై అల్యూమినా పొర, స్టీలుపై క్రోమియము ఆక్సైడు పొర కట్టును. ఆ పొర కంటికి కనబడదు. మీటరులో వంద కోట్ల భాగములు కొన్ని మాత్రమే దాని మందము. గీత పడినను మరల తానే పూడుకొనును. స్టీలునకు ఈ గుణము రావలెనన్న నూటికి కనీసము పదిన్నర పాళ్ళు క్రోమియముండవలయును. అయస్కాంతమునకు అంటుకొన్న స్టీలు నకిలీయని కొందరు భ్రమపడుదురు. క్రోమియము చాలినంతయున్నచో అదియు తుప్పుపట్టనిదే.

ఈ పొరకు శత్రువు ఉప్పు. సముద్రపు గాలిలోని క్లోరైడు పొరను చిల్లులు పొడుచును. నేను ముత్తియాల్‌పేటలో సముద్రమునకు చేరువగా కాపురమున్నాను. మా యింటి కిటికీలకు అల్యూమినియపు చట్రములు పెట్టించితిని. అందుకు స్టీలు మరలే శ్రేష్ఠమని పనివాడు చెప్పగా సంతోషముతో ఒప్పుకొంటిని. మూడేండ్లు కాకమునుపే ప్రతి మరచుట్టును తెల్లని పొడి రాలసాగెను. ఒక వానరాత్రి పెద్ద గాలికి కిటికీ రెక్క యొకటి ఊడి క్రిందపడినది. అదృష్టవశమున మా పిల్లలు ఆ ప్రక్క నిద్రించుటలేదు. మరలు మాత్రము క్రొత్తవానివలె మెరయుచుండెను! రెండు వేర్వేరు లోహములు తాకియుండగా నడుమ ఉప్పునీరు చేరినచో, చిన్న బ్యాటరీవలె పనిచేసి, అల్యూమినియమే కరగిపోవునని పిదప తెలిసినది. నడుమ ప్లాస్టిక్ బిళ్ళ వేసి నీరు నిలువకుండ చూచుకొన్నచో ఈ కీడు చాలవరకు తప్పును. దేనికది మంచిదే, పొత్తు తెలిసి చేయవలయును. సముద్రతీరమున స్టీలు వాడువారు మాలిబ్డినము కలిసిన 316 రకమును, అల్యూమినియము వాడువారు మెగ్నీషియము కలిసిన 5083 వంటి రకములను కోరుట మేలు.

గృహిణులకు ఉపయోగపడు ఒక మాట. అల్యూమినాను పులుపును తినును, క్షారమును తినును. చింతపండు పులుసు సత్తు గిన్నెలో నిలువయుంచరాదు. ఇత్తడివలె దానిని బూడిదతోను, సోడాతోను తోమరాదు. ఇట్టి పాత్రలలో వండిన మాత్రమున మతిమరుపు వ్యాధి వచ్చునను భయము రుజువుకాలేదు. అయినను 2011లో అంతర్జాతీయ ఆహారనిపుణుల సంఘము, శరీరపు బరువులో కిలోకు వారమునకు 2 మిల్లీగ్రాముల అల్యూమినియము మించరాదని పరిమితి నిర్ణయించెను. 2024లో కేంద్రప్రభుత్వము ఈ రెండు జాతుల పాత్రలకును ఐ.యస్.ఐ. ముద్ర తప్పనిసరి చేయుచు ఉత్తర్వు వెలువరించెను. స్టీలునకు ఐ.యస్. 14756, అల్యూమినియమునకు ఐ.యస్. 1660 ప్రమాణములు. కొనునప్పుడు మెరుపునకంటె ముద్రను చూచుట మంచిది.

వెల చీటీమీద కనబడని మరొక వెలయు కలదు. విశాఖ మన్యపు కొండలలో బాక్సైటు విశేషముగా నున్నది. ఆ కొండలలోనే గిరిజనుల ఊటలు, పోడు పొలములు ఉన్నవి. షెడ్యూల్డు ప్రాంతములలో గనులకై భూములను ప్రైవేటువారికి కౌలుకిచ్చుట చెల్లదని 1997లో సమత వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. స్టీలునకు కావలసిన క్రోమైటు మన దేశమున అధికభాగము ఒడిశాలోని సుకిందా లోయనుండి వచ్చును. అచ్చటి నీటిలో క్రోమియము చేరుట చిరకాలపు సమస్య. ఏ గిన్నెయు ఉచితముగా పుట్టలేదు. పాత గిన్నెను పారవేయక పాతసామానువానికిచ్చుట, మరల కరగించునట్లు చేయుట, ఈ దృష్టితో చూచినచో చిన్న ధర్మము కాదు.

తెలుగుసీమలోని శ్రీహరికోటనుండి 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్–3ను మోసికొనిపోయిన రాకెట్టులో, ద్రవ ఇంధనపు తొట్లు 2219 రకపు అల్యూమినియపు మిశ్రలోహముతో చేసినవి. సున్నకు 253 డిగ్రీలు దిగువనున్న ద్రవ హైడ్రోజనిని నింపినను అది పెళుసుబారదు, తేలికయనుట చెప్పనక్కరలేదు. మనము అటుకమీద పెట్టిన సత్తు జాతియే చంద్రుని దారిపట్టినది. అట్లని స్టీలు తక్కువదా? రైల్వేలోని మనవారడిగినచో చెప్పుదురు. పెరంబూరు కర్మాగారమున నేడు చేయు పెట్టెల దేహములు స్టెయిన్‌లెస్ స్టీలువే. ప్రమాదమున సాగి, నలిగి, లోపలివారిని కాపాడు గుణము అచ్చట ముఖ్యము. ఏది గొప్పదను ప్రశ్నకు సమాధానము లేదు. ఏ పనికి, ఏ చోట, దేని పొత్తున అని అడిగినచో సమాధానమున్నది.

కోనసముద్రపు కొలుములు చల్లారి చాలకాలమైనది. ఆ కమ్మరులకు ఎట్లు చేయవలెనో సంపూర్ణముగా తెలియును. ఎందువలన అట్లగునో వ్రాసిపెట్టుకొను అవకాశము రాలేదు. ఆ ప్రశ్నను ఫారడే అడిగెను, బెర్తియే, బ్రేర్లీ అడిగిరి. విద్య వారి వద్ద పెరిగినది. 1973లో హైదరాబాదు కంచన్‌బాగులో మిశ్రధాతు నిగమము స్థాపింపబడి, విశేషమైన ఉక్కులు, ఇతర మిశ్రలోహములు మన చేతనే తయారగుచున్నవి. దారి వంకరగా పోయినను, ప్రశ్న తిరిగి మన ముంగిటికి వచ్చినది. ఈసారి చేయుటతోపాటు అడుగుట కూడ మన పిల్లలు నేర్చుకొందురుగాక. ఈ పండుగకు పాత్రలు తోమునప్పుడు అటుకమీది సత్తు గిన్నెను ఒక్కసారి క్రిందికి దింపి చూడుడు. అది తన తోబుట్టువు ప్రక్కన కూర్చుండుటకు తగినదే.